లెఫ్ట్ బ్యాక్ చూసిన ఆట

(జనగామలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒక్క వరంగల్ జిల్లాలోనే ఉన్న కాలంలో, ఇవాళ మనం తలచుకుంటున్న సార్ వ్యాయామ ఉపాధ్యాయుడిగా బదిలీ మీద బదిలీ అవుతూ మూడు చోట్లా పనిచేశారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలకే పరిమితమైంది. పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ ఆయన డ్రిల్ సారే. ఆ పిలుపుతోనే తలచుకుందామని ఇంట్లోవాళ్లు కూడా అన్నారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

ఏ విషయం మీద మాట్లాడాలో నిర్వాహకులు నాకే వదిలేశారు. నేను ఎంచుకున్నది హువాన్ పాబ్లో సోరిన్ అనే అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడిని. మెస్సీ, మారడోనా పేర్లు తెలిసినంతగా ఈ పేరు ఇక్కడ తెలియదు. ఆయన ఆడింది లెఫ్ట్ బ్యాక్‌గా. ఆట మానేశాక మైకు ముందు కూర్చుని ఆట గురించి మాట్లాడాడు. మన డ్రిల్ సార్ కూడా కుర్రతనంలో కాజీపేటలో లెఫ్ట్ బ్యాక్ ఆడినవారే. ఆ తర్వాత సంక్రాంతి టోర్నమెంట్లలో మైకు పట్టినవారే. ఒకరిని గురించి నాలుగు మాటలు సరిగ్గా చెప్పగలిగితే రెండో వారి గురించి కూడా చెప్పినట్టే అవుతుందని నా నమ్మకం.

బ్యాక్ అంటే వెనక నిలబడేవాడు. ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ని ఆపడం అతని పని. పాతకాలంలో అంతకు మించి ఏమీ అడిగేవారు కాదు. సెంటర్ లైను దాటితే కోచ్ కేకలేసేవాడు. బంతిని ఎంత దూరం తన్నితే అంత మంచి బ్యాక్ అని పేరు. ఆ అలవాటును విరిచినవాళ్లలో బ్రెజిల్‌కు చెందిన నిల్టన్ సాంటోస్ పేరు ముందు చెప్పాలి. 1958 ప్రపంచకప్‌లో ఆస్ట్రియా మీద ఆడుతూ ఎడమ అంచు వెంట పైకి పోయి, డిఫెండరై ఉండి కూడా గోల్ కొట్టి వచ్చాడు. తర్వాత ఇటలీలో ఫాచెట్టి వచ్చాడు. మనం టీవీల్లో చూసిన తరానికి రాబెర్టో కార్లోస్, కాఫూ తెలుసు. అర్జెంటీనాకు 1960ల్లో సిల్వియో మార్జోలీని ఉండేవాడు. సోరిన్ ఈ కుదురులోనివాడే.

బయటినుంచి చూస్తే ఇది ధైర్యం మాత్రమే అనిపిస్తుంది, బ్యాక్ ఉత్సాహం ఆపుకోలేక ముందుకు ఉరికాడనిపిస్తుంది. మైదానంలో ఉన్నవాళ్లకు తెలుసు, ఇది లెక్క. లెఫ్ట్ బ్యాక్ అరవై గజాలు పైకి పోతే అతని వెనక అరవై గజాల ఖాళీ పడుతుంది. బంతి మనవాళ్ల కాళ్ల దగ్గర పోయిందంటే ఎదుటి జట్టు రైట్ వింగర్ ముందు కనిపించేది ఆ ఖాళీయే. అందుకని పైకి పోయే బ్యాక్ పరుగు తీయకముందే మూడు సంగతులు చూసుకోవాలి. బంతి ఎవరి దగ్గరుంది, అతను దాన్ని నిలబెట్టుకోగలడా? నేను వదిలిన చోటికి జరిగేవాడు ఎవడు? నేను పైకి పోతే ఎదుటి వింగర్ నా వెంట వస్తాడా, అక్కడే కాపు కాస్తాడా? వింగర్ వెంట వచ్చాడంటే సగం పని అయినట్టే, దాడి చేయాల్సినవాడిని కాపలావాడిగా మార్చేశాం. రాకపోతే మన వెనక ప్రమాదం కూర్చుని ఉన్నట్టే. ఈ మూడూ ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. తేల్చుకున్నది పక్కవాడికి అరిచి చెప్పాలి.

అరవడం గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. ఫార్వర్డ్ ఎదుటి గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకుంటాడు, అతనికి వెనకేమున్నదో కనిపించదు. నడుమ ఆడేవాడి చుట్టూ నాలుగు వైపులా మనుషులే. బ్యాక్ ఒక్కడికే ఆట మొత్తం కళ్ల ముందు పరుచుకుని ఉంటుంది. గోల్‌కీపర్‌కు కూడా అంతా కనిపిస్తుంది కానీ అతను దూరంగా ఉంటాడు. కాబట్టి బ్యాక్ చేసే పనిలో సగం నోటితోనే. "ఎనక ఉన్నడు", "ఇడిచిపెట్టు", "టైమున్నది, తిరుగు", "నేను పోతున్న, నువ్వు ఆగు". డ్రిల్ సార్ మాకు బంతి ఇవ్వకముందు ఈ మాటలు నేర్పారు. మన మానుకోట, అంటే మహబూబాబాద్, గ్రౌండులో ఒక పూట మొత్తం బంతి లేకుండానే ఆడించారు. బ్యాకులు అరుస్తూ ఉండాలి, ముందున్నవాళ్లు ఆ మాటను బట్టి కదలాలి. "ఎనక నిలబడ్డోనికే అంత కనపడతది బిడ్డా, కనపడ్డది చెప్పకపోతే నువ్వున్నా లేనట్టే" అనేవారు. డిఫెండర్ మైకు ముందుకు వచ్చేది ఆట మానేశాక అనుకుంటాం. ఆడినన్నాళ్లూ అతను చేసింది వ్యాఖ్యానమే. అప్పుడు వినేవాళ్లు పదిమంది, తర్వాత లక్షలమంది.

ఇప్పుడు సోరిన్ దగ్గరికి వద్దాం. 1976 మే 5న బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టాడు. ఆట మొదలుపెట్టింది అర్జెంటినోస్ జూనియర్స్ క్లబ్బులో. చిన్న క్లబ్బు, పెద్ద కప్పులు తక్కువ. కానీ మారడోనా అక్కడివాడే, రికెల్మే అక్కడ పెరిగినవాడే. పిల్లల్ని పట్టి ఆటగాళ్లుగా చేయడమే ఆ క్లబ్బు పనిగా పెట్టుకుంది. అక్కడ పిల్లలకు నేర్పిన హోసే పెకెర్‌మన్ తర్వాత అర్జెంటీనా అండర్-20 జట్టుకు కోచ్ అయ్యాడు. 1995లో ఖతార్‌లో జరిగిన ప్రపంచ యువజన పోటీల్లో పెకెర్‌మన్ కెప్టెన్సీ ఇచ్చింది సోరిన్‌కే. ఫైనల్లో బ్రెజిల్ మీద 2-0తో గెలిచారు. పద్దెనిమిదేళ్లకు కప్పు ఎత్తినవాడు డిఫెండర్ అన్న సంగతి మరిచిపోవద్దు. పదకొండేళ్ల తర్వాత అసలు ప్రపంచకప్‌లో కూడా అదే కోచ్ ఆ బాధ్యతను అదే మనిషికి ఇచ్చాడు.

కప్పు గెలిచిన ఏడాదే ఇటలీలోని యువెంటస్ తీసుకుంది. అక్కడ ఆడే అవకాశాలు పెద్దగా రాలేదు. సీజన్ మధ్యలోనే తిరిగి బ్యూనస్ ఎయిర్స్ వచ్చి రివర్ ప్లేట్‌లో చేరాడు. 1996 మేలో యువెంటస్ యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. జూన్‌లో రివర్ ప్లేట్ దక్షిణ అమెరికా కోపా లిబర్టడోరెస్ గెలిచింది. ఒకే సీజన్‌లో రెండు జట్ల తరఫునా ఆడిన సోరిన్ రెండు ఖండాల కప్పుల్లోనూ భాగస్వామి అయ్యాడు. ఆ సంవత్సరం నవంబరులో ఆ రెండు జట్లే టోక్యోలో ఎదురుపడ్డాయి, యువెంటస్ 1-0తో గెలిచింది. క్రీడా విలేకరులు దీన్ని విచిత్రంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది పెద్ద క్లబ్బు బెంచీ మీద కూర్చోవడం కంటే సొంత ఊళ్లో ఆడటం మేలనుకున్న, ఇరవయ్యేళ్లు నిండని కుర్రాడు. రివర్‌లో నాలుగేళ్లు ఆడి జాతీయ టైటిళ్లు చాలానే గెలిచాడు. పొడుగు జుట్టు, తల దించి ఎడమ అంచు వెంట ఉరికే ఆ పరుగు అక్కడే జనం కళ్లలో పడ్డాయి.

2000లో బ్రెజిల్‌లోని బెలో హొరిజొంతె నగరానికి, క్రుజేరో క్లబ్బుకు వెళ్లాడు. అర్జెంటీనావాడు బ్రెజిల్‌లో ఆడి మెప్పించడం మాటలు కాదు, ఆ రెండు దేశాల మధ్య ఫుట్‌బాల్ పట్టుదల అలాంటిది. మొదటి సంవత్సరమే క్రుజేరో బ్రెజిల్ కప్ గెలిచింది. 2002 మేలో సుల్-మినాస్ కప్ ఫైనల్ అక్కడ ఆయన వీడ్కోలు మ్యాచ్. తలకు దెబ్బ తగిలింది, రక్తం కారింది, కట్టు కట్టించుకుని మళ్లీ దిగాడు. ఆ కట్టుతోనే అట్లెటికో పరనాయెన్సె మీద గోల్ కొట్టాడు, కప్పు క్రుజేరోకే వచ్చింది. ఆ రోజు నుంచి బెలో హొరిజొంతెలో సోరిన్ పరాయివాడు కాడు.

ఈ కట్టు సంగతి చదివినప్పుడు నా మనసు హైదరాబాద్ మాస్టారు దగ్గరికి పోయింది. ఇక్కడ కొంచెం దారి మళ్లుతాను, క్షమాపణ అడగను, ఎందుకంటే నేను పోవాల్సిన దారి అదే.

సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవాడు. ఇవాళ మనం తలచుకుంటున్న డ్రిల్ సార్ లాంటి డ్రిల్ సారే. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు బొంబాయి నుంచి ఎత్తుకొచ్చింది. భారత జట్టు 1951 ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వరకు పోయినప్పుడూ, 1962 జకార్తా ఏషియాడ్‌లో మళ్లీ స్వర్ణం గెలిచినప్పుడూ కోచ్ ఆయనే.

రహీమ్ సాబ్ నేర్పే పద్ధతి గురించి ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ తెలుసుకోవాలి. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి అందగానే పాస్ ఇవ్వాలి, కాళ్ల మధ్య తిప్పుకుంటూ నిలబడకూడదు. బలం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో కూడా పోటీలు పెట్టాడు. కుడికాలివాడు ఎడమతో, ఎడమకాలివాడు కుడితో. ఇలా ఆడించినప్పుడు ఏమవుతుందో ఊహించండి. బంతిని దాచుకునే వీల్లేదు కాబట్టి బంతి రాకముందే ఎవడెక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. తల పైకి లేస్తుంది. ఆ మైదానాల్లో బ్యాక్ అయినా, ఫార్వర్డ్ అయినా ఒక్కటే చదువు చదువుకున్నారు.

జకార్తాలో ఏమయిందో చూడండి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయ్‌లాండ్ మీద గెలిచారు కానీ ఆ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జర్నైల్ సెంటర్ బ్యాక్, ఆసియాలోనే పేరున్న డిఫెండర్. అతన్ని వెనక నిలబెడితే గాలిలో వచ్చే ప్రతి బంతికీ ఆ తలతోనే లేవాలి. బయట కూర్చోబెడితే జట్టు సగమైపోతుంది. రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ వియత్నాం మీద సెమీఫైనల్లో తలకట్టుతో ఉన్న డిఫెండర్ గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. అదే దక్షిణ కొరియా మీద 2-1. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్న మైదానం అది. హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

బెలో హొరిజొంతెలో సోరిన్ కట్టుకున్న కట్టు, జకార్తాలో జర్నైల్ కట్టుకున్న కట్టు నాకు ఒక్క గుడ్డముక్కలాగే కనిపిస్తాయి. రెండు చోట్లా జనం దెబ్బను తట్టుకున్న మొండితనాన్నే పొగుడుతారు. నేను ఇంకొకటి పొగుడుతాను. వెనక ఆడేవాడికి ఎదుటి డిఫెండర్ మనసు తెలుసు. కార్నర్ బంతి వచ్చేటప్పుడు బ్యాక్ ఎటు చూస్తాడో, దేన్ని మరిచిపోతాడో అతనికి కొత్తగా నేర్పక్కర్లేదు, రోజూ తానే అక్కడ నిలబడతాడు. జర్నైల్‌ను ముందుకు పంపినప్పుడు రహీమ్ ఆ తెలివినీ లెక్కలోకి తీసుకుని ఉంటాడని నేను అనుకుంటాను.

తిరిగి సోరిన్ దగ్గరికి. 2002 ప్రపంచకప్‌కు అర్జెంటీనా కోచ్ మార్సెలో బియెల్సా. వెనక ముగ్గురినే ఉంచి మిగతావాళ్లను ఎదుటి సగంలోకి తోసే కోచ్. సోరిన్‌కు అలాంటి ఆట పండగే. కానీ ఆ జట్టు మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. తర్వాత లాజియో, బార్సిలోనా, పారిస్ సెయింట్ జర్మైన్ అంటూ అరువు మీద క్లబ్బు నుంచి క్లబ్బుకు తిరిగాడు. పారిస్‌లో 2004 ఫ్రెంచ్ కప్ దక్కింది. ఈ కాలం గురించి ఎక్కువ చెప్పను, సూట్‌కేసు సర్దుకోవడంలోనే చాలా భాగం పోయింది. నిలకడగా ఆడింది స్పెయిన్‌లోని విల్లారియల్‌లో. ఆ ఊరి జనాభా మన జనగామ పట్టణం లాంటిదే. 2006లో ఆ చిన్న ఊరి జట్టు ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా పోయింది. ఆర్సెనల్ మీద చివరి నిమిషాల్లో విల్లారియల్ తరఫున రికెల్మే కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ లేమన్ ఆపాడు. రెండు నెలల తర్వాత బెర్లిన్‌లో, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో, జర్మనీ గోల్ ముందు నిలబడిందీ ఆ లేమనే. ఆ రోజు కూడా అర్జెంటీనాను పెనాల్టీలతోనే ఇంటికి పంపాడు.

ఆ ప్రపంచకప్‌లో అర్జెంటీనా కెప్టెన్ సోరిన్. సెర్బియా-మాంటెనెగ్రో మీద 6-0 గెలిచిన మ్యాచ్‌లో ఇరవైకి పైగా పాసుల తర్వాత కాంబియాసో కొట్టిన గోల్ చాలామంది చూసే ఉంటారు. ఆ దండలో సోరిన్ పాసులు కూడా ఉన్నాయి. నేను చూపించాలనుకుంటున్నది అది కాదు, లైప్‌జిగ్‌లో 2006 జూన్ 24న మెక్సికో మీద ఆడిన ప్రీ క్వార్టర్ ఫైనల్.

ఆరో నిమిషంలో మెక్సికో తరఫున మార్కెస్ గోల్ కొట్టాడు, పదో నిమిషంలో సమం అయింది. ఆపైన తొంభై నిమిషాలూ అయిపోయాయి, గోల్ లేదు. అదనపు సమయం. తొంభై ఎనిమిదో నిమిషం. సోరిన్ ఎడమవైపు పైకి వచ్చి ఉన్నాడు. బంతి అతని దగ్గరికి వచ్చింది. అలసిపోయిన లెఫ్ట్ బ్యాక్ అలాంటప్పుడు చేసే పని ఒకటే, గోల్ ముందుకు ఎత్తి కొట్టడం. మెక్సికో డిఫెండర్లందరూ దానికే సిద్ధంగా ఉన్నారు. సోరిన్ తల ఎత్తి చూసి, అందరి మీదుగా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టాడు. పెనాల్టీ బాక్సు కుడి మూలన మాక్సీ రోడ్రిగేజ్ ఒంటరిగా ఉన్నాడు. బంతిని ఛాతీ మీద తీసుకుని, కింద పడనీయకుండా ఎడమకాలితో కొట్టాడు. అది గోల్ పైమూలలో పడింది. ప్రపంచకప్ గోల్స్‌లో గొప్పవాటి జాబితా ఎవరు రాసినా ఈ గోల్ అందులో ఉంటుంది.

మీరు ఎప్పుడైనా ఈ గోల్ వీడియో చూస్తే మాక్సీ ఛాతీ దగ్గర ఆపకండి. అంతకు రెండు మూడు క్షణాలు వెనక్కి పోయి సోరిన్ తలను చూడండి. అతని కాలి దగ్గర బంతి ఉంది, కళ్లు మాత్రం ఎదుటి అంచున ఉన్నాయి. పన్నెండేళ్లుగా వెనకనుంచి మైదానం మొత్తాన్ని చూడటానికి అలవాటుపడ్డ కళ్లు అవి. పైకి పోయినా ఆ చూపును వెనక వదిలి పోలేదు.

ఆ మ్యాచ్‌లో అర్జెంటీనా రైట్ బ్యాక్ ఎవరో తెలుసా? లియొనెల్ స్కలోని. 2022లో కోచ్‌గా ప్రపంచకప్ గెలిచిన మనిషి. వెనక వరస నడుమ నిలబడ్డ అయాలా ఆ స్కలోనికి సహాయకుడయ్యాడు. ఆ రోజు పందొమ్మిదో పుట్టినరోజు జరుపుకుంటూ మెస్సీ అనే కుర్రాడు చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. వెనక వరసలో ఉన్నవాళ్లలో ఇద్దరు జట్టును తయారుచేసే పనిలో పడ్డారు, ఒకరు ఆటను చెప్పే పనిలో పడ్డారు. నాకు ఇది యాదృచ్ఛికంగా తోచదు.

తర్వాతి కథ చిన్నది. హాంబర్గ్‌లో రెండేళ్లు, ఎక్కువ భాగం గాయాలతో. మళ్లీ క్రుజేరో. 2009లో ముప్పై మూడేళ్ల వయసులో ఆట మానేశాడు. ఆ నవంబరులో బెలో హొరిజొంతెలోని మినెయిరావ్ స్టేడియంలో క్రుజేరో ఆయనకు వీడ్కోలు మ్యాచ్ పెట్టింది. ఎదుటి జట్టు అర్జెంటినోస్ జూనియర్స్, చిన్నప్పటి క్లబ్బు.

మైకు ఆయనకు కొత్త కాదు. ఆడుతున్న రోజుల్లోనే బ్యూనస్ ఎయిర్స్‌లో రేడియో కార్యక్రమం నడిపాడు. పుస్తకాలు చదివే ఆటగాడని పేరుంది. పిల్లల కోసం ఒక పుస్తకం కూర్చి సేవాకార్యక్రమాలకు డబ్బు సమకూర్చాడు. రిటైరయ్యాక ఈఎస్‌పీఎన్ బ్రెజిల్ ఛానల్లో వ్యాఖ్యాత అయ్యాడు. అర్జెంటీనా మనిషి బ్రెజిల్ జనానికి వాళ్ల భాషలో, పోర్చుగీసులో, వాళ్ల ఆటను వివరించాడు. తన దేశపు కెప్టెన్‌గా వాళ్ల మీద ఆడినవాడు. ఆ జనం విన్నారు. తలకట్టుతో వాళ్లకు కప్పు తెచ్చిన మనిషి నోటి నుంచి వాళ్ల మాటే వస్తుంటే వినకేం చేస్తారు?

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. మామూలు వ్యాఖ్యాత కూడా బంతి వెంటే పోతాడు. ఎవడు తన్నాడు, ఎవడు అందుకున్నాడు, ఎంత గట్టిగా కొట్టాడు. అది మనకూ కనిపిస్తూనే ఉంది. వెనక ఆడినవాడు మైకు పట్టుకుంటే బంతి లేని చోట ఏం జరుగుతోందో చెప్తాడు. లెఫ్ట్ బ్యాక్ పైకి పోయాడు, అతని చోటికి ఎవడూ జరగలేదు, ఇక రెండు పాసుల్లో ఏదో జరుగుతుంది చూడండి అంటాడు. జరుగుతుంది. వినేవాడికి అప్పుడు ఆట కొత్తగా కనిపిస్తుంది, మరుసటి మ్యాచ్‌లో తనే ఆ ఖాళీని వెతుక్కుంటాడు. ఆట తెలిసిన జనం అలాగే తయారవుతారు.

ఇప్పుడు మన ఊళ్ల మాట. హైదరాబాద్ మహామహులైన డిఫెండర్లను ఇచ్చింది. అజీజుద్దీన్ పోలీస్ జట్టులోనూ, దేశం జట్టులోనూ ఆడాడు. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. తర్వాత కోచ్ అయ్యాడు, 1990లో ద్రోణాచార్య, 1997లో అర్జున అందుకున్నాడు. వీళ్లు కళ్లారా చూసిన ఆట ఎంత? అందులో మన చెవులకు చేరింది ఎంత? ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన జట్టులో బ్యాకులు ఒకరితో ఒకరు ఏమని అరుచుకునేవారో, ఏ మాటకు ఎవరు ఎటు జరిగేవారో ఇవాళ మనలో ఎవరైనా చెప్పగలమా? నాకు ఇది తీరని బాధ. రహీమ్ సాబ్ మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వస్తే, మన ఊరి మాస్టారు గురించి మన పిల్లలు మొదటిసారి తెలుసుకున్నది అక్కడే.

కలకత్తాలో అలా జరగలేదు. అజయ్ బసు లాంటివాళ్లు రేడియోలో బెంగాలీలో ఫుట్‌బాల్ చెప్పారు, ఇళ్లలో వంట చేసుకుంటున్న ఆడవాళ్లకు కూడా ఆటగాళ్ల నడక తెలిసింది. కేరళలో షైజు దామోదరన్ మలయాళంలో కేకలేస్తుంటే ఊరు ఊరంతా వింటుంది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఓడినవాళ్లు తమ ఓటమిని తమ భాషలో మాట్లాడుకున్నారు. గెలిచిన మన జట్టు గురించి మన ఫుట్‌బాల్ ఆడిన పెద్దవాళ్లు ఒక్కరైనా తెలుగులో విడమరిచి చెప్తుంటే వినాలని ఆ రాత్రి చాలా వెతికాను. నా చెవిన పడలేదు.

మనకు చెప్పడం రాక కాదు. ఒగ్గు కథ చెప్పిన చుక్క సత్తయ్య ఈ జనగామ గడ్డమీది మాణిక్యాపురం వాడు. ఒక్క మనిషి నిలబడి, పక్కన వంతపాటవాళ్లుండగా, రాత్రంతా యుద్ధాలూ పెళ్లిళ్లూ కళ్లకు కట్టేవాడు. ఒగ్గు కథకుడు ఎలాగైతే కథ నడుస్తుండగానే వంతవాడి ప్రశ్నకు జవాబిస్తూ జనాన్ని వెంట తీసుకుపోతాడో, మంచి వ్యాఖ్యాత కూడా అలాగే ఆటను ఆపకుండా ఆటను విప్పుతాడు. ప్రో కబడ్డీ వచ్చాక తెలుగు వ్యాఖ్యానం టీవీల్లో నిలదొక్కుకుంది. పిల్లలు ఇవాళ బోనస్ లైను గురించి, ట్యాకిల్ గురించి తెలుగులోనే వాదించుకుంటున్నారు. కబడ్డీకి జరిగింది ఫుట్‌బాల్‌కూ జరగాలి.

డ్రిల్ సార్ చేసింది అదే, ఎవరూ అడగకుండా. భూపాలపల్లిలో పనిచేసినప్పుడు గనుల మీద పనిచేసే కార్మికుల జట్లు ఆడుతుంటే మైకు తీసుకునేవారు. స్కోరు చెప్పడానికి ఇంకొకరుండేవారు. సార్ మధ్యలో అందుకుని "ఎడమ బ్యాక్ జర మీదికి వచ్చిండు, వాని ఎనక సూడుండ్రి" అనేవారు. మైదానం చుట్టూ ఉన్న మూడు నాలుగు వందల తలలు ఒక్కసారి అటు తిరిగేవి. ఆ పిలుపు విని ఎదుటి జట్టు కూడా అటే బంతి కొడుతోందని ఒకసారి ఒక కెప్టెన్ ఫిర్యాదు చేశాడు. సార్ ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి హాఫ్ టైములోనూ, ఆట అయిపోయాకా మాత్రమే విడమరిచి చెప్పారు. జనం ఆట అయ్యాక కూడా కూర్చునేవారు, ఆ పది నిమిషాల కోసం. చీకటి పడి లైట్లు లేకపోయినా కూర్చునేవారు.

నిర్వాహకులకు నాదొక విన్నపం. ఈ మూడు జిల్లాల్లో రైల్వేలోనో, పోలీసులోనో, సింగరేణిలోనో ఉద్యోగం చేస్తూ జట్టుకు ఆడి రిటైరైనవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ హాల్లోనే కొందరున్నారు, వాళ్ల మోకాళ్లను చూసి గుర్తుపట్టగలను. ఈసారి సంక్రాంతికి టోర్నమెంట్ పెట్టినప్పుడు మైకు దగ్గర రెండు కుర్చీలు వేయండి. ఒకటి ఎప్పుడూ చెప్పే కుర్రాడికి, రెండోది వాళ్లలో ఒకరికి. ముందు వరస ఆటగాళ్లను తర్వాత పిలవొచ్చు, బ్యాకులతో మొదలుపెట్టండి. మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. వాళ్లు మొహమాటపడతారు, ఏమీ గుర్తులేదంటారు. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మీరు పైకి పోయినప్పుడు మీ వెనక ఖాళీని ఎవరు చూసుకునేవారు? ఆ మనిషి పేరు వాళ్లకు తప్పకుండా గుర్తుంటుంది. అక్కడినుంచి చెప్పుకుంటూ పోతారు.